హెడ్‌ఫోన్లు తీసినా ఆగని మోత

దీపం ఆర్పి పడుకోగానే కుడి చెవిలో సన్నని కూత మొదలయ్యేది. తెగదు, హెచ్చదు, తగ్గదు. ఫ్యాను ఆపి చూశాను, ఫ్రిజ్ ప్లగ్గు తీసి చూశాను. శబ్దం గదిలో లేదు, నాలోనే ఉందని తెలిసినప్పుడు కలిగిన భయాన్ని ఇప్పటికీ మరచిపోలేను.

పనిలో కాల్స్, ప్రయాణంలో పాటలు, నడకలో ప్రసంగాలు. రోజులో ఎక్కువ భాగం చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండేవి. మోత కన్నా ముందే మరో మార్పు వచ్చింది. ఎదుటివారి గొంతు వినిపించేది కానీ మాట తెలిసేది కాదు. ముఖ్యంగా స, ష, ఫ వంటి ధ్వనులు చెదిరిపోయేవి. నలుగురు కలిసి మాట్లాడుతుంటే మౌనంగా కూర్చునేవాణ్ణి.

చెవి డాక్టరు పరీక్షించి, గులిమి లోపలికి గట్టిగా నొక్కుకుపోయిందని, చెవి గొట్టంలో చర్మం వాచిందని చెప్పారు. గులిమి మామూలుగా తనంతట తానే బయటికి జరిగి రాలిపోతుంది. గంటల తరబడి ఇయర్‌ఫోన్లు అడ్డుంటే ఆ దారి మూసుకుంటుంది, లోపల చెమ్మ నిలుస్తుంది. శుభ్రం చేసి చుక్కల మందు ఇచ్చారు. దురద, వాపు తగ్గిపోయాయి. మోత తగ్గలేదు.

వినికిడిని గీతగా చూపే ఆడియోగ్రామ్‌లో కారణం కనిపించింది. 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని ధ్వనుల దగ్గర, గీత ఒక్కసారిగా కిందికి దిగింది; అక్కడ వినికిడి తగ్గిందని దానర్థం. పెద్ద శబ్దాల వల్ల కలిగే నష్టం తరచూ అక్కడే మొదలవుతుందట. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. చచ్చినవి మనుషుల్లో మళ్లీ పుట్టవు. వాటి నుంచి సంకేతాలు తగ్గినప్పుడు మెదడు ఆ లోటును పూడ్చే ప్రయత్నం చేస్తుందని, మోతకు అదొక కారణం కావచ్చని డాక్టరు వివరించారు.

కార్మికుల వినికిడి కోసం వాడే ఒక కొలత ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు మించి వినకూడదు. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగమవుతుంది. అంటే 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే! బస్సు రొదను అణచడానికి పాట శబ్దం పెంచే ప్రతి ఒక్కరికీ ఈ లెక్క తెలియాలి. రొద మధ్య మనకు ఆ పాట పెద్దగా అనిపించదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మోతను మాయం చేసే మాత్ర లేదు. పూర్తి నిశ్శబ్దంలో పడుకోవద్దని, స్పీకరులో వాన చప్పుడు తక్కువ స్థాయిలో పెట్టుకోమని చెప్పారు. మోత మీద భయం పెరిగేకొద్దీ ధ్యాస అటే పోతుంది, ధ్యాస పోయేకొద్దీ అది ఇంకా పెద్దదవుతుంది. ఈ ముడిని విప్పడానికి కౌన్సెలింగ్ చాలా మేలు చేసింది. ముందు నిద్ర తిరిగి వచ్చింది, తరువాత మనసు కుదుటపడింది. మోత ఇప్పటికీ ఉంది, కానీ రోజులో చాలాసేపు అది గుర్తుకే రాదు.

నాది మెల్లగా వచ్చిన నష్టం. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం అదే రోజు డాక్టరును కలవాలి. దానికి వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

ఇప్పుడు ఇంట్లో కాల్స్ స్పీకరులోనే మాట్లాడుతున్నాను. బయట తప్పనిసరైతే, చుట్టుపక్కల రొదను తగ్గించే పెద్ద హెడ్‌ఫోన్లను తక్కువ శబ్దంతో కొద్దిసేపు వాడతాను. రెండోసారి చేసిన పరీక్షలో గీత ఇంకా కిందికి జారలేదు. వచ్చే పరీక్షలోనూ అక్కడే నిలిస్తే నాకు అంతే చాలు.