ఎండీఎస్ ఓరల్ సర్జరీ పోస్టింగులు: అనస్థీషియాలో నేను పడ్డది

నిన్న మధ్యాహ్నం నా లాగ్‌బుక్‌లో ఆఖరి సంతకం పడింది. ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ, అంటే నోరు, దవడ, ముఖం ఆపరేషన్ల ఎండీఎస్‌లో (బీడీఎస్ తర్వాత చేసే పీజీ) బయటి పోస్టింగులన్నీ అయిపోయాయి. మనసులో మంట మాత్రం ఇంకా ఆరలేదు, అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

మాది ప్రైవేటు డెంటల్ కాలేజీ. మూడేళ్ల కోర్సులో మెడిసిన్, జనరల్ సర్జరీ, క్యాజువాల్టీ, న్యూరోసర్జరీ, అనస్థీషియా, ఆంకాలజీ అంటూ వేరే ఆసుపత్రులకు పంపిస్తారు. మెడిసిన్ హాయిగా గడిచింది, ఈసీజీ చదవడం అక్కడే వంటబట్టింది. జనరల్ సర్జరీలో గడ్డలు కోశాను, కుట్లు వేశాను, ఎవరూ వద్దనలేదు. న్యూరోసర్జరీలో తలకి దెబ్బ తగిలినవాడి ముక్కులోంచి నీళ్లలా కారుతుంటే దాన్ని జలుబు అనుకోకూడదని, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చని నేర్పారు, ఆ ఒక్క ముక్క కోసమైనా ఆ పోస్టింగు చేయాలి.

ఆంకాలజీలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నాకు గుర్తుండిపోతుంది. అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. అంగిలి అంతా తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రటి పుండు. "మా యమ్మ కూడా ఇలాగే తాగీది బాబూ, దానికేటీ అవలేదు" అంది మా సార్‌తో. ఆయన నా చేతికి అద్దం ఇచ్చి, ఆవిడ నోరు ఆవిడకే చూపించమన్నారు. చాలాసేపు చూసుకుంది. బయాప్సీకి ఒప్పుకుంది.

ఇక అనస్థీషియా. మత్తు డాక్టరు, మేము పని చేసేది ఒకే దారిలో. కింది దవడ విరిగినవాళ్లకి ఆపరేషన్ మధ్యలో పైపళ్లూ కిందిపళ్లూ కలిపి కట్టి చూసుకోవాలి, నోట్లో ఊపిరి ట్యూబు ఉంటే అది కుదరదు, ముక్కులోంచి వేయాలి. పుర్రె అడుగుభాగం విరిగితే ముక్కు దారి కూడా ప్రమాదమే, అప్పుడు గడ్డం కింద చిన్న కోత పెట్టి ట్యూబు అటు నుంచి బయటికి తీస్తారు. 1986లో ఈ పద్ధతి చెప్పిన హెర్నాండెజ్ ఆల్టెమిర్ స్పెయిన్‌కు చెందిన మాక్సిల్లోఫేషియల్ సర్జన్, అంటే మా శాఖ మనిషే. నోరు తెరిపించి గొంతు వెనక ఏం కనిపిస్తోందో చూసి ట్యూబు వేయడం ఎంత కష్టమో అంచనాగా చెప్పే మల్లంపాటి గ్రేడింగ్ సంగతి సరేసరి, 1985లో అది ఇచ్చింది మన తెలుగాయన మల్లంపాటి శేషగిరిరావు గారు.

ఇదంతా చదువుకుని ఉత్సాహంగా వెళ్తే మొదటిరోజే ఆపరేషన్ థియేటర్లో ఒక మత్తు కన్సల్టెంట్ "డెంటలా? ఆ గోడ పక్కన నిలబడమ్మా, దేన్నీ ముట్టుకోకు" అన్నాడు. పళ్లు పీకేవాళ్లకి ఇంత మత్తు దేనికని హౌస్ సర్జన్ల ముందు అడిగాడు, వాళ్లు నవ్వారు. రోజూ అదే గోడ. నాకంటే ఎంతో చిన్నవాళ్లయిన హౌస్ సర్జన్ల చేతికి లారింగోస్కోప్ (ట్యూబు వేసేటప్పుడు నాలుక ఎత్తి గొంతులోకి చూసే పరికరం) ఇచ్చి దగ్గరుండి నేర్పేవాడు, నేను కనీసం మాస్క్ పట్టుకుంటానన్నా వినిపించుకోలేదు.

ఒకరోజు బైకు మీంచి పడిన కుర్రాడి కేసు వచ్చింది. చెంప ఎముక ఆర్చ్ లోపలికి నొక్కుకుపోయింది, నోట్లో ఒక వేలు కూడా సరిగ్గా పట్టడం లేదు. కేస్‌షీట్‌లో "నొప్పి వల్ల నోరు తెరవడం లేదు" అని రాసి ఉంది. నొప్పి వల్ల బిగుసుకున్న నోరైతే మత్తు ఇవ్వగానే వదులవుతుంది. ఈ కుర్రాడి సీటీలో ఆర్చ్ ముక్క కొరొనాయిడ్ (కింది దవడ ఎముక పైకి పొడుచుకొచ్చే కొస) దగ్గరికి దిగిపోయి కనిపిస్తోంది, ఎముకకి ఎముక అడ్డం పడితే ఏ మందు ఇచ్చినా తెరుచుకోదు. నేను ఆ ఫిల్మ్ చూపించి చెప్పాను, గొంతు కూడా పెంచలేదు. "నిన్నెవరు అడిగారు? నోరు నీది, ఊపిరి నాది. బయటికి నడు" అన్నాడు. పేషంటు టేబుల్ మీద మెలకువగా ఉన్నాడు, వింటున్నాడు.

తలుపు అద్దంలోంచి చూశాను. మత్తిచ్చాక నోరు తెరుచుకోలేదు. మాస్క్‌తో గాలి బాగానే వెళ్తోంది కాబట్టి సరిపోయింది, టెక్నీషియన్ పరుగెత్తుకెళ్లి ఫైబర్ ఆప్టిక్ స్కోప్ (లోపలికి చూస్తూ ట్యూబును నడిపించే సన్నటి వంగే గొట్టం) తెచ్చాడు, ముక్కులోంచి ట్యూబు వేశారు, కుర్రాడు బాగున్నాడు. నన్ను లోపలికి పిలవలేదు. తర్వాత సంతకానికి వెళ్తే లాగ్‌బుక్‌లో "చూశారు, అంతే" అని ఒక్క లైను రాసిచ్చాడు.

ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చాను. ఎంబీబీఎస్ లేకపోవడం నా తప్పా? బ్రిటన్‌లో ఈ శాఖకి రెండు డిగ్రీలూ కావాలి, ఇక్కడ బీడీఎస్ మీదే చేస్తాం, కోర్సు పెట్టింది మేము కాదు. అమెరికాలో ఉన్న మా సీనియర్ అక్క అక్కడ నెలల తరబడి అనస్థీషియా చేసింది, ట్యూబులు తనే వేసింది. రేపు అర్ధరాత్రి దవడ ముక్కలై గొంతులోకి రక్తం కారుతున్న మనిషి ముందు నిలబడాల్సింది మేమే. మాకు నేర్పకపోతే నష్టపోయేది ఆ మనిషి.

మా కాలేజీ ఆఫీసుకి చెబితే "సర్దుకోండి మేడమ్" అన్నారు. వాళ్లను నమ్ముకోవద్దు, వాళ్లకి కావాల్సింది స్టాంపు ఒక్కటే. నా పక్షాన మాట్లాడింది అక్కడి అనస్థీషియా పీజీ ఒకమ్మాయి, ఆ సీటీ సంగతి హెచ్‌ఓడీ మేడమ్ చెవిన వేసింది. మేడమ్ నన్ను పిలిచి, ఆ ఫిల్మ్ మళ్లీ పెట్టించి, నాతోనే చెప్పించుకుని, మిగిలిన రోజులు తన టేబుల్ దగ్గరే ఉండమన్నారు.

ఆ తర్వాత ఒక దవడ కేసులో ట్యూబు నాతో వేయించారు. ముక్కులో చుక్కలు వేసి, గోరువెచ్చని సెలైన్‌లో మెత్తబడ్డ ట్యూబుకి జెల్లీ రాసి ముక్కు అడుగు వెంబడే నెమ్మదిగా తోశాను, లారింగోస్కోప్ ఎత్తితే స్వరతంత్రులు తెల్లగా కనిపించాయి, మెగిల్స్ పటకారుతో ట్యూబు కొస పట్టుకుని లోపలికి పంపాను. మొదటిసారికే వెళ్లింది, గర్వంగానే చెబుతున్నాను. త్రోట్ ప్యాక్ (రక్తం లోపలికి దిగకుండా గొంతులో పెట్టే గాజుగుడ్డ) పెట్టగానే మేడమ్ బోర్డు మీద నాతో రాయించారు, తీశాక నాతోనే కొట్టేయించారు. అది లోపల మర్చిపోతే ట్యూబు తీశాక ఊపిరి ఆగిపోవచ్చు.

వెళ్లబోయేవాళ్లకి చెప్పేది: సూపరింటెండెంట్ పేరున కాకుండా నేరుగా అనస్థీషియా హెచ్‌ఓడీ పేరున లెటర్ తీసుకెళ్లండి. మత్తుకి ముందు పేషంట్లను పరీక్షించే ప్రీ అనస్థీషియా ఓపీలో కూర్చోండి, నోళ్లు చూడటంలో మనం వాళ్లకి పనికొస్తాం. సంతకాలు వారం వారం పెట్టించుకోండి, చివర్లో అడిగితే ఏం రాస్తారో మన చేతుల్లో ఉండదు.

నా పాత లైను కింద మేడమ్ నిన్న నేను చేసినవన్నీ విడిగా రాసి సంతకం పెట్టారు. తర్వాతి బ్యాచ్ లెటర్లో "పర్యవేక్షణలో ఇంట్యుబేషన్‌కు (ట్యూబు వేయడానికి) అనుమతించగలరు" అన్న వాక్యం చేర్చమని మా హెచ్‌ఓడీ సార్‌ని అడిగాను. ఒప్పుకున్నారు, డ్రాఫ్ట్ నేనే టైపు చేసి సోమవారం ఇస్తున్నాను.