బర్టన్‌లో మూడు గ్లాసులు, మూడు మార్కులు

ఇంగ్లండ్‌కు వచ్చిన కొత్తలో మొదటిసారి బిట్టర్ అనే అక్కడి బీరు తాగినప్పుడు అది పాడైపోయిందనే అనుకున్నాను. చల్లగా లేదు, బుడగలు లేవు. మా ఆఫీసులోని ఒక పెద్దాయన నా ముఖం చూసి, అది అలాగే ఉండాలని చెప్పారు. బిట్టర్ ఏల్ అనే బీరు జాతికి చెందినది. సంప్రదాయ ఏల్‌ను 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పీపాలో ఈస్టు ఇంకా బతికే ఉంటుంది, రెండోసారి పులియడం అక్కడే జరుగుతుంది. అప్పుడు పుట్టిన గ్యాసే దానికి చాలు.

ఆయన కామ్రా సభ్యుడు. ఈ ఏల్‌ను కాపాడుకోవడానికి 1971లో మొదలైన సంఘం అది. సభ్యులు పబ్బుల్లో తాగిన బీరుకు 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 0 అంటే తాగలేనిది, 3 అంటే మంచిది. మనకు నచ్చిందా అన్నది ప్రశ్న కాదు, బీరు ఎలాంటి స్థితిలో గ్లాసులోకి వచ్చిందన్నదే చూడాలి. నేర్చుకుంటానని అడిగితే ఒక శనివారం నన్ను బీరు తయారీకి పేరుపడ్డ బర్టన్ అపాన్ ట్రెంట్ పట్టణానికి తీసుకెళ్లారు.

మొదటి గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాను. రాగి రంగు, ఎక్కడా మడ్డి లేదు. (చాలా ఏల్‌లను చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థంతో తేటపరుస్తారు. శాకాహారులు ముందే అడగాలి.) ముక్కు దగ్గర పెట్టుకోగానే అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన! 1 వేయబోతే పెద్దాయన ఆపారు. ఇక్కడి బావినీళ్లలో జిప్సం అనే గంధకపు ఖనిజం ఎక్కువ, ఆ గంధకపు వాసన బర్టన్ ఏల్‌కు గుర్తు అన్నారు. కాసేపటికి అది తగ్గి, బిస్కెట్ లాంటి మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), ఆ వెనక తడి మట్టిని తలపించే హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) తెలిశాయి. చేదు కాకరకాయలా మీద పడలేదు. మెంతుల్లా నెమ్మదిగా వచ్చి, మింగాక నాలుక వెనక నిలిచింది. ఆ నిలకడ కోసమే మళ్లీ గుక్క వేయాలనిపించింది. 4 వేశాను.

రెండో పబ్బులో గ్లాసు అంతే తేటగా ఉంది, వాసన మాత్రం వెనిగర్. తెరిచిన పీపాలోకి గాలి చేరుతుంది, మూడు రోజుల్లో ముగించకపోతే పులుపెక్కుతుంది. కౌంటర్ దగ్గర ఫిర్యాదు చేయడానికి నాకు మొహమాటం. అయినా మర్యాదగా చెప్పాను, మారుమాట లేకుండా వేరే బీరు ఇచ్చారు. వెనక్కి ఇచ్చిన ఆ గ్లాసుకు మార్కు 0.

అసలు పరీక్ష మూడోది. గ్లాసు నిండా వెన్న వాసన! అమ్మమ్మ కవ్వంతో మజ్జిగ చిలికిన పొద్దులన్నీ గుర్తొచ్చాయి, 4 వేయాలనిపించింది. కానీ అది డయాసిటైల్, బీరు పులిసేటప్పుడు పుట్టే వెన్న వాసన పదార్థం. ఈస్టుకు తన పని ముగించే సమయం దొరకకపోతే మిగిలిపోతుంది. కొన్ని ఇంగ్లీషు ఏల్‌లలో లేశంగా ఉంటే ఒప్పుకుంటారు, ఇక్కడ మాల్టునూ హాప్స్‌నూ కప్పేసింది. పెద్దాయన 2 వేశారు. చాలాసేపు ఆలోచించి నేనూ 2 వేశాను. ఆ గ్లాసును మాత్రం చివరి చుక్క వరకూ తాగాను.