థీటా-1 సి: హెచ్-ఆల్ఫాలో ఊడిరాని ముల్లు

థీటా-1 సి నక్షత్రపు స్పెక్ట్రంలో మళ్లీ అదే ముల్లు, చుట్టూ ఉన్న నెబ్యులా వాయువు గీత. 6562.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, హెచ్-ఆల్ఫా (హైడ్రోజన్ ఎర్రగీత) ప్రొఫైల్‌కు నట్టనడుమ. 300 సెకన్ల ఫ్రేములు పన్నెండు, గైడింగ్ నిలకడగా ఉంది, నియాన్ దీపంతో చేసిన కాలిబ్రేషన్‌లో తేడా 0.02 ఆంగ్‌స్ట్రామ్. అంతవరకు వంక పెట్టడానికి లేదు. నెబ్యులా మాత్రం పూర్తిగా పోలేదు.

థీటా-1 సి అంటే ఒరాయన్ నెబ్యులా నడిమధ్య ట్రెపీజియం నక్షత్రాల గుంపులో అన్నిటికన్నా ప్రకాశవంతమైన ఓ-తరగతి నక్షత్రం. దీనికి 1.1 కిలోగాస్ అయస్కాంత క్షేత్రం ఉందని 2002లో తేలింది. 15.42 రోజులకో చుట్టు తిరుగుతుంది. అయస్కాంత ధ్రువం మనవైపు వచ్చినప్పుడు హెచ్-ఆల్ఫా ఉద్గారం పెరుగుతుంది. ఆ పెరుగుదలను కొలవాలంటే దాని మీద కూర్చున్న నెబ్యులా గీతను ముందు ఊడబెరకాలి.

మా సరంజామా: 8 అంగుళాల ఎఫ్/10 ఎస్‌సీటీ (ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు), ఎల్‌హైరెస్ 3 స్పెక్ట్రోగ్రాఫ్, మిల్లీమీటరుకు 2400 గీతల గ్రేటింగ్, 23 మైక్రాన్ల స్లిట్ (కాంతి దూరే సన్నని చీలిక). అంటే ఆకాశంలో 2.4 ఆర్క్‌సెకన్ల వెడల్పు. 2x2 బిన్నింగ్‌లో (నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపితే) ఒక్కో పిక్సెల్ వరస 0.78 ఆర్క్‌సెకన్లు. నక్షత్రానికి 9 వరసలు తీసుకుంటే నెబ్యులా గీత కంటిన్యూయం (గీతలు లేనిచోట నక్షత్రపు కాంతి మట్టం) మీద దాదాపు 5 రెట్లు లేస్తోంది, ఈక్వివలెంట్ విడ్త్ (గీత మొత్తం బలం) సుమారు 5 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాన్ని 4 శాతం తప్పుగా తీసేసినా ఫలితంలో 0.2 ఆంగ్‌స్ట్రామ్ తేడా పడుతుంది.

స్లిట్ ఉత్తర-దక్షిణంగా ఉంది. నక్షత్రానికి 15 నుంచి 30 వరసల అవతలి పట్టీని నేపథ్యంగా తీసుకుంటే వచ్చిన హెచ్-ఆల్ఫా ఈక్వివలెంట్ విడ్త్‌లు, ఆంగ్‌స్ట్రామ్‌లలో (ఉద్గారం ప్లస్): ఉత్తరపు పట్టీ ఒక్కటే అయితే +0.42, దక్షిణపుది ఒక్కటే అయితే -0.21, రెండింటి సగటు +0.1. సగటు అంకె చూసి మురిసిపోవద్దు. గ్రాఫ్‌లో ఎడమ పక్క గూని, కుడి పక్క గుంట. ఒకదానికొకటి చెల్లిపోయి అంకె చిన్నదైందంతే.

మొదటి అనుమానం స్లిట్ వాలు. నియాన్ 6598.95 గీతను పైనుంచి కిందకు కొలిస్తే 100 వరసలకు 1.4 పిక్సెల్ వాలు కనిపించింది. సరిచేశాక గూని సగానికి తగ్గింది, పోలేదు. మిగతా సగం వాయువుదే కావచ్చు: నెబ్యులాలో చోటు మారితే వేగం సెకనుకు కొన్ని కిలోమీటర్లు మారుతుంది. 5 కిలోమీటర్లంటే 0.11 ఆంగ్‌స్ట్రామ్, అంటే మా పిక్సెల్ కన్నా కాస్త ఎక్కువే.

రెండో ఉపాయం నైట్రోజన్ 6583. ఈ ఉద్గార గీత నక్షత్రంలో ఉండదు కాబట్టి అది సున్నా అయ్యేదాకా నేపథ్యాన్ని గుణించడం. దక్షిణపు పట్టీని 0.91తో గుణిస్తే 6583 మాయమైంది, హెచ్-ఆల్ఫా మాత్రం +0.26కి ఎగబాకింది. కారణం ఊహించగలిగిందే. నక్షత్రానికి దూరంగా అయనీకరణ తగ్గేకొద్దీ హైడ్రోజన్‌తో పోలిస్తే నైట్రోజన్ గీత బలపడుతుంది, కొలబద్దే మారిపోతుంది. దీనికితోడు సి నక్షత్రానికి కొన్ని ఆర్క్‌సెకన్ల దూరంలోనే 1979లో లాక్, విదాల్ గుర్తించిన ప్రకాశవంతమైన చుక్కలు, ఇప్పుడు ప్రొప్లిడ్లు (పసి నక్షత్రాల చుట్టూ ఉండే వాయు-ధూళి పళ్లేలు) అంటున్నవి, స్లిట్‌లో పడితే పట్టీ మొత్తం పాడవుతుంది.

ఐసిస్ సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ స్కై (నేపథ్యాన్ని తనే తీసేసే పద్ధతి) ఒంటరి నక్షత్రానికి హాయి, ఇక్కడ వద్దు. పట్టీలు చేత్తో పెట్టాల్సిందే. స్టార్ ఎనలైజర్ లాంటి స్లిట్‌లేని గ్రేటింగ్‌తో ఈ గుంపు జోలికి పోవడమే అనవసరం, నెబ్యులా స్పెక్ట్రం మీద పరుచుకుంటుంది. ప్రస్తుతానికి మధ్యలో ±1.2 ఆంగ్‌స్ట్రామ్ ముక్కను మాస్క్ చేసి రెక్కలనే కొలుస్తున్నాం. నక్షత్రపు ఉద్గారం వెడల్పాటిది, నెబ్యులాది సన్ననిది, 2400 గ్రేటింగ్‌కే ఈ తేడా చిక్కుతుంది.

ఇక హీలియం 4686 వైపు. ఈ నెబ్యులాలో అయనీకృత హీలియం గీత రాదు, నక్షత్రపు గీత మాత్రం అదే 15.42 రోజుల లయలో మారుతుంది. చిక్కల్లా గ్రేటింగ్ తిప్పాక మళ్లీ ఫోకస్ చేయాలి (ఎల్‌హైరెస్ డబ్లెట్ లెన్సు నీలానికి వేరే చోట ఫోకస్ అవుతుంది), నియాన్‌కు అక్కడ పనికొచ్చే గీతలు తక్కువ. కాలిబ్రేషన్ దీపంగా వాడే రెల్కో ట్యూబ్‌లైట్ స్టార్టర్‌లోని ఆర్గాన్ 4657.90, 4726.87, హీలియం 4713.15 చాలు.

ఒక చుట్టు తర్వాత అదే దశ పగలు పడుతుంది. రెండు చుట్లకు 30.84 రోజులు, కాబట్టి 31వ రాత్రి దాదాపు 3 గంటల 50 నిమిషాలు ముందే మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో ఈ నక్షత్రం 67 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, ఎత్తు సమస్య లేదు. ఈసారి స్లిట్‌ను తూర్పు-పడమరగా తిప్పి హెచ్-ఆల్ఫా కూడా ఇంకోసారి, పట్టీలు 10 వరసల దగ్గర నుంచే మొదలుపెట్టి.