అమ్మ మానేసిన కొలెస్ట్రాల్ మాత్ర

పోయిన నెల తెనాలి వెళ్లినప్పుడు అమ్మ మందుల డబ్బా సర్దుతున్నాను. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, థైరాయిడ్ సీసా అన్నీ లెక్క ప్రకారం తగ్గాయి. కొలెస్ట్రాల్ స్ట్రిప్పు మాత్రం అలాగే ఉంది. పదిహేనులో రెండే ఖాళీ. "ఏంటమ్మా ఇది?" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తెచ్చి, పిన్ని పంపిన వాట్సాప్ మెసేజ్ చూపించింది.

అమ్మ కొలెస్ట్రాల్ మాత్ర పేరు అటోర్వాస్టాటిన్. అది వేసుకుంటే మతిమరుపు వస్తుందట, కండరాలు కరిగిపోతాయట, లివర్ పాడవుతుందట, లేని షుగరు వస్తుందట. చివర్లో పదిమందికి పంపమని.

"మీ అమ్మమ్మ ఆఖరి రోజుల్లో నన్నే గుర్తుపట్టలేదు. నాకు ఆ గతి వద్దే" అంది అమ్మ.

కోప్పడబోయినదాన్ని ఆగిపోయాను. అది మొండితనం కాదు, భయం. "ఏం కాదులే, వేసుకో" అంటే పోయే భయమూ కాదు.

మెడికల్ షాపులో అడిగితే పెట్టెలోంచి మడత కాగితం తీసిచ్చారు. చీమతలకాయంత అక్షరాలు. మనకి స్ట్రిప్పు చేతికి వస్తుంది కానీ ఆ కాగితం పెట్టెలోనే ఉండిపోతుంది. ఇంటికొచ్చి, మందుల వివరాల కాగితాలు (లేబుల్స్) ఉండే డైలీమెడ్ అనే అమెరికా ప్రభుత్వ సైట్‌లో లిపిటార్ లేబుల్ తెరిచాను. అటోర్వాస్టాటిన్ మొదట ఆ పేరుతోనే వచ్చింది. మందులకి అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 1996 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. పూర్తిగా చదవడానికి రెండు రాత్రులు పట్టింది. నేను లెక్కల టీచర్ని కాబట్టి అంకెలకి భయపడలేదు. వైద్యం మాటలకే డిక్షనరీ కావాల్సి వచ్చింది.

ముందు మతిమరుపు సంగతే వెతికాను. లేబుల్‌లో ఉంది. జ్ఞాపకశక్తి తగ్గడం, తికమక పడడం లాంటివి అరుదుగా రిపోర్టయ్యాయని 2012లో చేర్చారు. కానీ ఆ వెనుక వాక్యాలు మెసేజ్‌లో లేవు. అవి సాధారణంగా తీవ్రమైనవి కావు, మాత్ర ఆపితే పోతాయి, తగ్గడానికి పట్టిన కాలం మధ్యస్థంగా మూడు వారాలు, అంటే సగం మందికి అంతలోపే తగ్గాయి. అమ్మమ్మకి వచ్చింది ఇలా మూడు వారాల్లో వెనక్కి వెళ్లేది కాదు. ఈ తేడా అమ్మకి చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

కండరాల నొప్పుల దగ్గర ఒక పట్టిక ఉంది. మందు ఇచ్చినవాళ్లు ఒక వరుస, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లు ఇంకో వరుస. మందు వేసుకున్న 8,755 మందిలో కండరాల నొప్పి అన్నవాళ్లు 3.5 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 7,311 మందిలో 3.1 శాతం. నేను కాగితం మీద ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి అమ్మకి చూపించాను. "మందు లేని మాత్రకి కూడా నొప్పులేనా?" అని ఆశ్చర్యపోయింది. అరవై దాటాక ఏదో ఒక నొప్పి ఉంటుంది కదమ్మా, మాత్ర వేసుకున్నా మానినా, అన్నాను. మందుల గురించి ఎవరేం చెప్పినా, ఆ రెండో వరుస ఎంత అని అడగడం నాకు అప్పటినుంచే అలవాటైంది.

లివర్ సంగతీ అంతే. ఎంజైములు మామూలు గరిష్ఠం కంటే మూడు రెట్లు దాటి, తగ్గకుండా నిలిచిపోయినవాళ్లు 80 మిల్లీగ్రాముల డోసులో 2.3 శాతం. అమ్మ వేసుకునేది 10. ఆ డోసులో 0.2 శాతం.

షుగరు విషయంలో మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు. రక్తంలో గ్లూకోజు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చూపే అంకె) పెరగవచ్చని లేబులే చెబుతోంది. అది అమ్మ దగ్గర దాచలేదు.

అయితే అమ్మలాంటివాళ్ల మీదే చేసిన కార్డ్స్ అనే మందు ప్రయోగం కూడా అందులోనే ఉంది. టైప్ 2 షుగరు ఉండి, అప్పటిదాకా గుండెజబ్బు రాని 2,838 మంది. సుమారు నాలుగేళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ముప్పులు ఉత్తుత్తి మాత్ర వైపు 127, మందు వైపు 83. ముప్పు 37 శాతం తగ్గిందని రాస్తారు. ఆ మాట వింటే నూటికి 37 మంది బతికిపోయినట్టు అనిపిస్తుంది. లెక్క కట్టాను. నూటికి తొమ్మిది మందికి రావాల్సింది ఆరుగురికి వచ్చింది. అంటే నూటికి ముగ్గురు తప్పించుకున్నారు. నాకది చిన్న సంఖ్య కాదు. అయినా 37 అని వినడం వేరు, ముగ్గురు అని తెలిసి ఒప్పుకోవడం వేరు. భయపెట్టేవాళ్లే కాదు, పొగిడేవాళ్లు కూడా ఆ రెండో అంకె చెప్పాలి.

వాట్సాప్‌లో లేనిది, నన్ను నిజంగా కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది ఇంకొకటి ఉంది. కండరాలు దెబ్బతినే ముప్పు ఎవరికి ఎక్కువో రాసినచోట అదుపులో లేని థైరాయిడ్ లోపం అని ఉంది. అమ్మకి థైరాయిడ్ రక్తపరీక్ష, టీఎస్‌హెచ్, చేయించి ఏడాదిన్నర అయింది! మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాళ్లు నొక్కి చూశారు, నీరసం ఉందా, మూత్రం ముదురు రంగులో వస్తోందా అని అడిగారు. టీఎస్‌హెచ్ ఎక్కువగానే వచ్చింది, అంటే థైరాయిడ్ లోపం అదుపులో లేదు. థైరాయిడ్ డోసు పెంచి, అది అదుపులోకి వచ్చాక కొలెస్ట్రాల్ మాత్ర మళ్లీ మొదలుపెడదాం అన్నారు.

రాత్రి భోజనం అయ్యాక అమ్మ టీవీ ముందే నిద్రపోతుంది. ఈ కొలెస్ట్రాల్ మాత్ర రాత్రే వేసుకోవాలా అని డాక్టర్ని అడిగాను. లేబుల్‌లో రోజులో ఎప్పుడైనా, తిన్నా తినకపోయినా అని ఉంది. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవచ్చని ఆయన కూడా అన్నారు.

నిన్న రెండో టీఎస్‌హెచ్ రిపోర్టు వచ్చింది, సరిపోయింది. ఇవాళ పొద్దున ఫోన్ చేస్తే అమ్మ ఇడ్లీ తిని మాత్ర వేసుకున్నానంది. వెంటనే, "మొన్న కాగితం మీద రాశావే, ఆ రెండు అంకెలు మళ్లీ చెప్పు, పిన్నికి చెప్పాలి" అంది. మూడున్నర, మూడు పాయింట్ ఒకటి అని చెప్పాను. పెన్ను దొరకలేదని మళ్లీ చెప్పించుకుంది.