వెనక బెంచీలో ఉండే ఆ అమ్మాయి

"బొమ్మలు వాళ్లవి, పాట ఇంకొకరిది, మరి ఇందులో నీదేముంది?" నేను అనిమే మ్యూజిక్ వీడియోలు, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌ల షాట్లని ఒక పాట మీద పేర్చిన వీడియోలు, చేస్తానని తెలిసిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ఇదే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఈ మధ్యే పూర్తిచేసిన వీడియోలో ఉంది కాబట్టి దాని గురించే రాస్తాను.

అదొక స్కూల్ కథ. సిరీస్ పేరు చెప్పను, చెబితే మాటలన్నీ దాని మీదికే పోతాయి. హీరోయిన్ వెనక బెంచీలో ఒక అమ్మాయి కూర్చుంటుంది. పొట్టి జుట్టు, కళ్లజోడు. హీరోయిన్ నవ్వితే తనూ నవ్వుతుంది, ఏడిస్తే కంగారుగా చూస్తుంది. బెల్ కొట్టగానే ఫ్రేమ్‌లోంచి వెళ్లిపోతుంది. నా వీడియో మొత్తం ఆ అమ్మాయే.

ఎందుకు తనే అంటే, మా ఇంట్లో ఏ పాత ఫొటో తీసి చూసినా నేను ఉండను. కెమెరా ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. "కొంచెం దగ్గరగా జరగండి" అని చెప్పేది నేనే. ఈ మాట ఎవరితోనైనా అంటే నిష్ఠూరంలా వినిపిస్తుంది, ఓదార్చడం మొదలుపెడతారు. నాకు ఓదార్పు అక్కర్లేదు. పక్కన నిలబడి చూసేవాళ్లకి కూడా ఒక కథ ఉంటుందని చెప్పాలి, అంతే. అలా చెప్పడానికి నాకు ఈ అమ్మాయి దొరికింది.

దొరికింది గానీ, షాట్లు దొరకడమే కష్టం. తను ఎప్పుడూ ఏదో ఒక మూల ఉంటుంది. 1920×1080 ఫ్రేమ్‌లో మూలన ఉన్న మనిషిని రెండింతలు పెద్దది చేస్తే చేతిలో మిగిలేది 960×540 పిక్సెళ్లే, గీతలన్నీ మెత్తబడిపోతాయి. అందుకే మొదటి చరణంలో తనని జూమ్ చెయ్యకుండా ఎలా ఉందో అలాగే, చిన్నగా, మూలనే వదిలేశాను. చూసేవాళ్లు ముందు హీరోయిన్‌నే చూస్తారు. షాట్లు గడిచేకొద్దీ ప్రతి దాంట్లోనూ ఉన్నది ఎవరో వాళ్లకే తడుతుంది. ఆ తర్వాతే దగ్గరికి వెళ్లాను.

తన ముఖం పూర్తిగా కనిపించే మంచి షాట్ సిరీస్ మొత్తానికీ ఒక్కటే. అందులో తను మాట్లాడుతోంది. పాట వస్తున్నప్పుడు తెర మీద నోరు కదిలితే చూసేవాళ్లు ఆ మాటేమిటా అని వెతుక్కుంటారు, పాట చెవి దాటిపోతుంది. దీనికో పద్ధతి ఉంది. టీవీ అనిమేలో పాత్ర మాట్లాడేటప్పుడు చాలాసార్లు ముఖం కదలదు. మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు, ఇలా కొన్ని బొమ్మలే మారుతుంటాయి. నోరు మూసి ఉన్న ఫ్రేమ్ ఒకటి తీసుకుని, నోటి చుట్టూ మాస్క్ గీసి, అంటే ఆ కాస్త భాగాన్నే కత్తిరించినట్టు వేరుచేసి, షాట్ పొడవునా పైన పరిస్తే పాత్ర మౌనంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

కానీ ఈ షాట్‌లో గాలి వీస్తోంది. ఒక వెంట్రుక పాయ వచ్చి గడ్డం మీద పడి వెళ్తుంది. పాయ మాస్క్‌ని తాకిన ప్రతిచోటా తెగిపోయినట్టు కనిపించేది. ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ మాస్క్ అంచుని జరుపుతూ ఎన్నో రాత్రులు కూర్చున్నాను. సిరీస్‌లో తను అడుగుతున్నది హోంవర్క్ గురించి. నా వీడియోలో తను ఏమీ అడగదు. ఏదో చెప్పబోయి ఆగిన మనిషిలా హీరోయిన్ వైపు చూస్తుంది, పాయ ఎగిరి పడుతుంది, అంతే. ఆ చూపు సిరీస్ తీసినవాళ్లు రాసింది కాదు. నాది.

కటింగ్ గురించి ఒక మాట. డ్రమ్ము దెబ్బ పడ్డ ప్రతిచోటా షాట్ మారిస్తే ఊపు వస్తుంది, నిజమే, కానీ అలాంటి వీడియో అయిపోయాక మనసులో ఏమీ మిగలదు. షాట్ మారకుండా, లోపలి కదలికే బీట్ మీద పడటం నాకిష్టం. తను పుస్తకం మూసే షాట్ అలాంటిదే. సెకనుకి 24 ఫ్రేములు ఉన్నా, అనిమేలో ఒక్కో బొమ్మ సాధారణంగా రెండు మూడు ఫ్రేములు నిలుస్తుంది. అట్టలు రెండూ కలిసే బొమ్మ ఎక్కడ మొదలవుతుందో పట్టుకుని దాన్ని దెబ్బ మీదికి తెస్తే చాలు, ఆ చప్పుడు పుస్తకానిదే అనిపిస్తుంది.

ఈ పనికి ఆద్యుడిగా చెప్పుకునే జిమ్ కపోస్తాస్‌కి ఇలా ఫ్రేమ్ ఫ్రేమ్‌గా సరిచేసుకునే వెసులుబాటు లేదు. 1982లో, 21 ఏళ్ల వయసులో, రెండు వీసీఆర్‌లు కలిపి, స్టార్ బ్లేజర్స్ అనే అనిమే సిరీస్‌లోని యుద్ధం సీన్లని బీటిల్స్ ప్రేమ పాట మీద పేర్చాడు. టేపు మీద ఒకదాని తర్వాత ఒకటి రికార్డు చేసుకుంటూ పోవాలి. మధ్యలో ఒక షాట్ పొడవు మార్చాలంటే ఆ తర్వాతవన్నీ మళ్లీ చెయ్యాలి. ఆయన గీసిన బొమ్మ ఒక్కటీ లేదు, కట్టిన బాణీ లేదు. అయినా పేలుళ్ల పక్కన ప్రేమ పాట పెట్టాలన్న ఆలోచన ముమ్మాటికీ ఆయనదే. నన్ను అడిగే ప్రశ్నకి నలభై ఏళ్ల కిందటే దొరికిన జవాబు అది.

హక్కులు వాళ్లవేనని నాకు తెలుసు. నేను డబ్బు తీసుకోను, చివర్లో సిరీస్ పేరు, పాట పేరు తప్పకుండా వేస్తాను. అలా వేశాక కూడా, వీడియో పెట్టిన సైట్‌లోని సిస్టమ్ పాటని గుర్తుపట్టి వీడియో ఆపేసిన సందర్భాలున్నాయి. బాధగానే ఉంటుంది, కానీ అది ఈ పనిలో ఉన్నదే.

ఈ వీడియో ముందుగా అమ్మకి చూపించాను. తను అనిమే చూడదు, కథ తెలియదు. మొత్తం చూసి "ఈ అమ్మాయి పేరేంటే?" అంది. పేరు లేదమ్మా, టైటిల్స్‌లో 'విద్యార్థిని ఏ' అని వేశారు అన్నాను. "అదేంటి, ఇంతసేపు ఉన్న పిల్లకి పేరు కూడా పెట్టలేదా!" అని నిజంగానే కోపం తెచ్చుకుంది. సిరీస్‌లో తను అంతసేపు లేదని నేను చెప్పలేదు.

తర్వాతి వీడియో కూడా ఇలాంటివాళ్ల మీదే చేద్దామనుకుంటున్నాను, ఈసారి ఒకే సిరీస్ కాకుండా నాలుగైదు కలిపి. మీరు చూసినవాటిలో ఇలా వెనకే ఉండిపోయిన మనుషులు గుర్తొస్తే చెప్పండి. ఒక్క షాట్‌లోనైనా ముఖం పూర్తిగా కనిపిస్తే చాలు, నోరు సంగతి నేను చూసుకుంటాను.