ఈస్టు చావలేదు, ఆగింది

పర్లాకిమిడి వైపు వరి నూర్పులయ్యాక గడ్డికి కొదవుండదు. ఆ గడ్డిని కత్తిరించి, 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 121 డిగ్రీల దగ్గర గంటసేపు ఉడికిస్తే చక్కెర నీళ్లు దిగుతాయి. వాటితోపాటే జైలోజ్ నుంచి ఫర్‌ఫ్యూరాల్, గ్లూకోజ్ నుంచి హెచ్‌ఎంఎఫ్ (హైడ్రాక్సీమిథైల్‌ఫర్‌ఫ్యూరాల్) పుడతాయి. రెండూ ఆల్డిహైడ్లే, ఈస్టుకి విషాలు. ఆ నీళ్లలో వేసిన ఈస్టు మర్నాటికీ పెరగలేదు. ఎసిటిక్ ఆమ్లం కూడా అందులోనే ఉంటుంది కాబట్టి కారణం ఏదో తేలదు. అందుకే ఫర్‌ఫ్యూరాల్ ఒక్కదాన్నే విడిగా పరీక్షించాను.

మీడియంలో, అంటే ఈస్టుని పెంచే ద్రవంలో, లీటరుకు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10 గ్రాములు, పెప్టోన్ 20, గ్లూకోజ్ 20. గ్లూకోజ్‌ను వేరే సీసాలో ఆటోక్లేవ్ చేయాలి, లేకపోతే మీడియం మాడి రంగు తిరుగుతుంది. 250 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ. పోశాను. ఫర్‌ఫ్యూరాల్ సాంద్రత 1.16. లీటరుకు 1 గ్రాము చొప్పున కావాలంటే ఫ్లాస్కుకు 43 మైక్రోలీటర్లు, 2 గ్రాములకు 86. మీడియం పూర్తిగా చల్లారాకే, ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్ వేసుకుని కలపాలి. టీ డికాక్షన్‌లా నల్లబడ్డ పాత సీసాలోది వాడితే లెక్క నిలవదు.

ఓడీ (కణాలు పెరిగేకొద్దీ పెరిగే, ద్రవం చిక్కదనాన్ని కాంతితో కొలిచే అంకె) 0.1తో మొదలుపెట్టి, 30 డిగ్రీల్లో, 150 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతూ రెండు గంటలకోసారి 600 నానోమీటర్ల దగ్గర చూశాను. ఫర్‌ఫ్యూరాల్ లేని ఫ్లాస్కు త్వరగానే అందుకుంది. 2 గ్రాములదాంట్లో సాయంత్రానికీ అంకె కదల్లేదు. ఓ చుక్కకి మిథిలీన్ బ్లూ కలిపి మైక్రోస్కోపు కింద పెడితే, నీలంగా మారిన కణాలు అక్కడక్కడే, మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి. నీలం పడితే చచ్చినట్టు. అంటే ఇవి బతికే ఉన్నాయి. తమ దగ్గరున్న ఎన్‌ఏడీహెచ్, ఎన్‌ఏడీపీహెచ్‌లను (కణంలో ఎలక్ట్రాన్లను మోసే అణువులు) ఖర్చుపెట్టి ఫర్‌ఫ్యూరాల్‌ను అంత విషం కాని ఫర్‌ఫ్యూరిల్ ఆల్కహాల్‌గా మారుస్తున్నాయి. ఆ పని చాలావరకు తీరేదాకా పెరుగుదల ఉండదు. మర్నాడు పొద్దున్నకి ఫ్లాస్కు చిక్కగా తెల్లబడింది.

ఇక్కడే పెద్ద పొరపాటుకి చోటుంది. దూది బిరడా పెట్టి తిప్పుతుంటే ఫర్‌ఫ్యూరాల్ కొంత ఆవిరైపోతుంది, ఆ ఘనత ఈస్టుకి దక్కుతుంది. ఈస్టు వెయ్యని ఫ్లాస్కొకటి పక్కనే తిప్పి, ఫర్‌ఫ్యూరాల్ కాంతిని పీల్చే 277 నానోమీటర్ల దగ్గర కొలవాలి. పెప్టోన్ కూడా ఆ దరిదాపుల్లో కాంతిని పీలుస్తుంది కాబట్టి బ్లాంక్‌గా (సున్నా పెట్టుకునే నమూనాగా) నీళ్లు పనికిరావు, ఫర్‌ఫ్యూరాల్ కలపని అదే మీడియం పెట్టాలి.

గడ్డి నీళ్లకి సున్నం వేసి పీహెచ్ 10 దాకా తెచ్చి, వడకట్టి, మళ్లీ 5.5కి దించితే విషం తగ్గుతుంది గానీ చక్కెరా కొంత పోతుంది. నేనైతే ముందు ఈస్టునే ఎక్కువ వేస్తాను, ఓడీ 1 వచ్చేలా. కణాలు పదింతలైతే ఆల్డిహైడ్ అంత త్వరగా తరుగుతుంది.