బండి లేచింది, యాక్సిల్ లేవలేదు

మారేడుమిల్లి దగ్గర గుడిసె అనే కొండ ఎక్కే దారిలో ఒక మలుపు దగ్గర బండ రాయి ఒకటి ఉంటుంది. పోయినేడాది దాని మీదుగా పోతుంటే బండి కింద గర్రుమని గీసుకుంది. ఇంటికొచ్చి లక్ష పైచిలుకు పోసి సస్పెన్షన్ మార్పించి, బండిని 40 మిల్లీమీటర్లు లేపించాను. మళ్లీ వెళ్లాం. అదే మలుపు, అదే రాయి, అదే గర్రు. మా ఆవిడ నావైపు చూసి ఊరుకుంది. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

మాది కడియపులంక, నర్సరీ వ్యాపారం. మొక్కల లోడ్లకి వ్యాన్లున్నాయండి. ఈ మారుతి జిమ్నీ జీపు మాత్రం మారేడుమిల్లి పైన తోటల వాళ్లకీ రిసార్టుల వాళ్లకీ మొక్కలు చూపించడానికని 2023లో కొన్నాను. అలాగని చెప్పి ఇంట్లో ఒప్పించానన్నమాట.

మా నాన్నగారి కాలంలో ఇంత గొడవ లేదు. ఆయన పాత జీపుకి నాలుగు మూలలా కమాను పట్టీలే. లోడెక్కువై కూర్చుంటోందంటే ఇంకో పట్టీ వేయించేవారు. అది ఎడ్లబండిలా ఎగిరినా ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఎందుకంటే మిగతా బండ్లూ అలాగే ఎగిరేవి.

జిమ్నీకి నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులే గానీ, ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్లు. అంటే ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా ఒకటే ఇనుప దూలం. ఇంజిను శక్తిని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ ఆ దూలంలోనే ఉంటుంది. స్ప్రింగు ఉండేది దూలానికి పైన. పొడుగు స్ప్రింగు వేస్తే పైనున్న ఛాసిస్, బాడీ లేస్తాయి. దూలం చక్రాల మధ్య ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కంపెనీ చెప్పే 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సుని పెంచేది టైరు ఒక్కటే. నేను 195/80 టైర్లు తీసి 215/75వి వేయించాను, రిమ్ము అదే 15 అంగుళాలు. లెక్క కడితే టైరు ఎత్తు 693 నుంచి 703 దాకా పెరిగింది. అందులో సగమే కదా యాక్సిల్‌ని లేపేది! అయిదు మిల్లీమీటర్లు. మా రాయికి ఆ అయిదూ చాల్లేదు.

మరి లక్ష బూడిదలో పోసినట్టేనా అంటే, కాదు. అయిదు తలుపుల జిమ్నీ చక్రాల మధ్య దూరం 2590 మిల్లీమీటర్లు, అందుకని గట్టు దాటేటప్పుడు పొట్ట తగిలే బెడద ఎక్కువ. అది తగ్గింది. దిగుడులో ముందు బంపర్ నేలకి కొట్టుకోవడమూ తగ్గింది. అన్నిటికన్నా షాకబ్జర్లు మారడం గొప్ప. పాతవి గతుకుల దారిలో అరగంటకి వేడెక్కి చేతులెత్తేసేవి, కొత్తవి సాయంత్రం దాకా ఒకేలా పనిచేస్తున్నాయి. ఇప్పుడడిగితే మంచి షాకబ్జర్లు వేయించుకోండి, బండి లేపడం తర్వాత చూద్దురుగాని అంటాను.

బిగించిన షాపు పేరూ ఊరూ చెప్పను. మొదటి తప్పు నాదే. "హెవీ డ్యూటీ వేస్తారా?" అనడిగితే, ఎవడైనా వద్దంటాడా, వేయమన్నాను. ఆ స్ప్రింగులు ఇనప బంపరూ, దాని మీద ఇరుక్కున్న బండిని లాగే వించీ ఉన్న బండికి. నా బండి ముందు ప్లాస్టిక్ బంపరు తప్ప ఏమీ లేదు. ముక్కు ఆకాశం వైపు, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వెన్నులోంచి ఓ దెబ్బ. నెలకి అవి తీయించి మామూలు బరువు స్ప్రింగులు వేయించుకోవాల్సి వచ్చింది.

రెండో తప్పు వాళ్లది. బండి లిఫ్టు మీద ఉండగా, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే, యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే ఆర్మ్‌ల బోల్టులన్నీ ఫుల్లుగా బిగించేశారు. రావులపాలెం నుంచి వస్తుంటే ఒకటే కిర్రుకిర్రు. దానికి తోడు హైవే మీద స్టీరింగ్ నిలబడట్లేదు. తిప్పి వదిలితే దానంతట అది నిటారుకి రావాలి కదా, రావట్లేదు. లారీ పక్కనుంచి పోతే బండి అటు లాగేస్తోంది.

రాజమండ్రిలో మా నాన్నగారి జీపు చూసిన మెకానిక్ ఉన్నాడు, బాబాయ్ అంటాం. అరవై దాటాయి. కిందికి దూరి టార్చి వేసి చూశాడు. "ఏరా అబ్బాయ్, ఇది బిగించినవాడు ఇంటికెళ్లే తొందరలో ఉన్నట్టున్నాడు" అన్నాడు. విషయమేంటంటే, ఆ ఆర్మ్‌ల చివర రబ్బరు బుష్షులుంటాయి. బండి బరువు చక్రాల మీద పడ్డాకే వాటి బోల్టులు ఆఖరుగా బిగించాలి. గాల్లో బిగిస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలి తిరిగి ఇక జన్మంతా ఆ మెలిలోనే ఉంటుంది. అన్నీ వదులు చేసి, బండిని నేల మీద నిలబెట్టి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాడు. కిర్రు పోయింది.

స్టీరింగ్ గోల వేరు. బాడీ లేచేసరికి ముందు యాక్సిల్ కాస్త తిరిగి కాస్టర్ కోణం, అంటే ముందు చక్రం తిరిగే ఇరుసుకి ఉండే వెనక్కి వాలు, తగ్గింది. స్టీరింగ్‌ని నిటారుకి తెచ్చేది ఆ వాలే. వీల్ అలైన్‌మెంట్ కుర్రాడు "సార్, దీంట్లో కాస్టర్ అడ్జస్ట్‌మెంట్ ఉండదు" అన్నాడు, నిజమే. రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి ఉండే బుష్షులు దొరుకుతాయి, అవి ముందు యాక్సిల్‌ని పట్టుకునే లీడింగ్ ఆర్మ్‌లకి వేస్తే కోణం మళ్లీ వస్తుంది. యాక్సిల్‌ని ఛాసిస్‌కి అడ్డంగా కలిపే లాటరల్ రాడ్ వల్ల యాక్సిల్ ఓ పక్కకి కొద్దిగా జరిగింది కూడా, పొడవు మార్చుకునే రాడ్డు వేసి మధ్యకి తెచ్చాం. ఇవన్నీ మొదటి బిల్లులో లేవండోయ్. బాబాయ్ బ్రేకు గొట్టాలూ, ఏబీఎస్ వైర్లూ చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుపోతున్నాయేమో చూశాడు, హెడ్‌లైట్లు కిందికి దించాడు. డబ్బులిస్తే రెండు గులాబీ అంట్లు చాలన్నాడు.

ఇక తగిలించిన సామాన్ల సంగతి. నా బండి ఖాళీ బరువు 1200 కేజీల దగ్గర, మొత్తం మోయగలిగింది 1545. మిగిలింది 345. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే దాదాపు 280 పోయె. ఆ తర్వాత ఇనప బంపరు, పైన క్యారియరు, నిచ్చెన, గుడారం... ఎక్కడ పెడతారు? బంపరు మీద నాకు మోజుండేది. కానీ ముందు గార్డులు పెట్టొద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ బండి మార్పుల మీద గట్టిగానే చెప్పింది. ఎయిర్‌బ్యాగు సెన్సార్ల ముందు ఇనుము పెట్టడం నాకూ నచ్చలేదు. మానేశాను. సస్పెన్షన్, టైర్ల సంగతి ఇన్సూరెన్సు వాళ్లకి కాగితం మీద రాసిచ్చాను.

పనికొచ్చినవి మూడే. బ్యాటరీకి తగిలించే గాలి కంప్రెసర్. రాళ్ల దారిలో టైరు గాలి 18 పీఎస్ఐకి దించితే వచ్చే మెత్తదనం ఏ స్ప్రింగూ ఇవ్వదు, మళ్లీ తారు రోడ్డెక్కేముందు నింపుకోవాలంటే ఇది ఉండాలి. రెండోది ఇరుక్కున్న బండిని లాగే బెల్టు, దాన్ని తగిలించడానికి మంచి షాకిళ్లు (ఇనప కొక్కేలు). మూడోది పొగమంచుకి రెండు లైట్లు. 60 వాట్లవి రెండంటే 10 యాంపులు, 15 యాంపుల ఫ్యూజు, కరెంటు భారం స్విచ్చి మీద పడకుండా ఒక రిలే. స్విచ్చికి నేరుగా కలుపుతానన్న కుర్రాణ్ణి ఆపాను. ఊళ్లో వాటికి మూతలు పెట్టే తిరుగుతాను.

ఆ రాయి దగ్గర ఇప్పుడేం చేస్తున్నానంటారా? దిగి చూసి, ఎడమ చక్రాన్ని సరిగ్గా రాయి నెత్తి మీదకి ఎక్కిస్తున్నాను. చక్రం ఎక్కితే యాక్సిలూ దాంతోపాటే లేస్తుంది. మా ఆవిడే ముందు నిలబడి చేత్తో దారి చూపిస్తుంది.

పైన క్యారియరు మాత్రం పద్దెనిమిది వేలు పెట్టి కొన్నాను, రెండు ట్రిప్పులకే తీసేశాను. వంకరల్లో బండి ఊగిపోతోంది, హైవే మీద ఈల వేస్తోంది. ఇప్పుడది మా షేడ్‌నెట్ కింద అడ్డంగా కట్టి ఉంది, ఆర్కిడ్ కుండీలు వేలాడుతున్నాయి దానికి. వచ్చినవాళ్లు ఈ స్టాండు ఎక్కడ చేయించారండీ అనడుగుతున్నారు.